డాక్టరు తరఫున కేసు పట్టినప్పుడు: వైద్య నిర్లక్ష్యం ఫిర్యాదుకు జవాబు కట్టే పద్ధతి

వినియోగదారుల కమిషన్ నుంచి నోటీసు వచ్చిందంటూ డాక్టరు ఫోన్ చేస్తే ముందు అడగాల్సినవి రెండే. కవరు ఏ తేదీన చేతికి అందింది? అందులో ఫిర్యాదు కాపీ ఉందా? జరిగిందేమిటో ఆ తర్వాత తీరిగ్గా వినాలి. తేదీ చేజారితే మాత్రం ఆ సంగతులు వినేవాళ్లే ఉండరు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 ప్రకారం కౌంటర్ (ఫిర్యాదుకు రాతపూర్వక జవాబు) వేయడానికి 30 రోజుల గడువు. తగిన కారణం చూపితే కమిషన్ మరో 15 రోజులు ఇవ్వొచ్చు. 46వ రోజున వచ్చిన కౌంటర్‌ను తీసుకునే అధికారం కమిషన్‌కే లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం హిల్లీ మల్టీపర్పస్ కోల్డ్ స్టోరేజ్ కేసులో తేల్చింది. సివిల్ కోర్టులో ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేసి నెట్టుకొచ్చే అలవాటు ఇక్కడ పనికిరాదు. అదే తీర్పులో మనకు ఉపయోగపడే మాట కూడా ఉంది: గడువు లెక్క మొదలయ్యేది నోటీసు ఫిర్యాదు కాపీతో కలిసి అందిన రోజు నుంచి. కాబట్టి కవరును, దాని మీది పోస్టు ముద్రను ఫైల్లో భద్రపరచండి. ఉత్త నోటీసే వస్తే మొదటి వాయిదాకే హాజరై, కాపీ అందలేదని మెమో వేసి, కాపీ ఇచ్చిన తేదీని డాకెట్‌లో (కేసు రోజువారీ నమోదులో) రాయించుకోండి. ఆ 15 రోజుల పొడిగింపు అడిగిన వారికల్లా దొరికే హక్కు కాదు. 30 రోజులు ముగియకముందే కారణంతో పిటిషన్ పడాలి.

పని పంచుకోవడానికి ఒక లెక్క. మూడో రోజుకల్లా రికార్డు మొత్తం మీ దగ్గర ఉండాలి. పదో రోజుకు కాలక్రమ పట్టిక పూర్తి కావాలి. ఇరవయ్యో రోజుకు కౌంటర్ ముసాయిదా డాక్టరు చేతిలో పెట్టాలి. ఇరవై ఏడో రోజుకు ఫైలింగ్. డాక్టర్లకు ఆపరేషన్లు, అత్యవసర కేసులు ఉంటాయి. ముసాయిదాను వాళ్లు ఒక వారం తొక్కిపెడతారని ముందే లెక్కేసుకోవాలి.

బీమా కంపెనీకి అదే రోజు ఉత్తరం

డాక్టర్లు తీసుకునే ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ (వృత్తిలో పొరపాటుకు పరిహారం కట్టే బీమా) పాలసీలు సాధారణంగా క్లెయిమ్స్-మేడ్ తరహావి. వైద్యం జరిగిన రోజు పాలసీ ఉంటే సరిపోదు. క్లెయిమ్ వచ్చిన రోజున అమల్లో ఉండాలి, జరిగిన ఘటన పాలసీలోని రెట్రోయాక్టివ్ తేదీకి (ఏ రోజు నుంచి జరిగిన ఘటనలకు పాలసీ వర్తిస్తుందో ఆ తేదీకి) తర్వాతిదై ఉండాలి. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. కమిషన్ నోటీసుకు కొన్ని నెలల ముందే లాయర్ నోటీసు వచ్చి ఉంటుంది. డాక్టరు దాన్ని సొరుగులో పడేసి ఉంటారు, ఈలోపు పాలసీ మారిపోయి ఉంటుంది. లాయర్ నోటీసు అందగానే తెలియజేయలేదంటూ బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. అందుకే మొదటి సమావేశంలోనే ఇంతకుముందు వచ్చిన ఉత్తరాలన్నీ అడిగి తెప్పించుకోండి. బీమా కంపెనీ రాతపూర్వక సమ్మతి లేకుండా తప్పు ఒప్పుకోకూడదనీ, డబ్బు ఇస్తామని మాట ఇవ్వకూడదనీ పాలసీలో షరతు ఉంటుంది. ఆ షరతును డాక్టరుకు చదివి వినిపించండి.

వకాలత్ మీద సంతకం పెట్టించుకునే ముందే ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఆసుపత్రికీ, బయటి నుంచి వచ్చి ఆపరేషన్ చేసిన సర్జన్‌కీ ఒకే లాయర్ ఉండొచ్చా? మొదట్లో ఇద్దరూ ఒకే మాట మీద ఉంటారు. సాక్ష్యం దశకు వచ్చేసరికి ‘నర్సు నాకు చెప్పలేదు’ అని సర్జన్, ‘పిలిస్తే సర్జన్ రాలేదు’ అని ఆసుపత్రి మొదలుపెడతారు. రికార్డులో ఆ బీజం కనిపిస్తే మొదటి రోజే ఒకరిని వేరే లాయర్ దగ్గరికి పంపండి. మధ్యలో విడిపోతే ఇద్దరి రహస్యాలూ మీ దగ్గరుంటాయి, ఇద్దరికీ పనికిరాకుండా పోతారు.

కేస్ షీట్: కేసు మొత్తం ఇక్కడే ఉంది

‘డిశ్చార్జ్ సమ్మరీ పంపాను సార్, చాలదా?’ అని అడుగుతారు. చాలదు. అడ్మిషన్ నోట్సు, ప్రతిరోజూ రాసిన డాక్టర్ నోట్సు, నర్సుల నోట్సు, టీపీఆర్ (జ్వరం, నాడి, శ్వాస) చార్ట్, మందుల చార్ట్, ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్ట్, అనస్థీషియా రికార్డు, ఆపరేషన్ నోట్సు, ఆపరేషన్‌లో వాడిన గుడ్డలు, పరికరాల లెక్క రాసిన కాగితం, సమ్మతి పత్రాలు, ల్యాబ్ రిపోర్టులు, స్కాన్ల డైకామ్ (అసలు డిజిటల్ బొమ్మల) సీడీ అన్నీ కావాలి. ప్రసవం కేసైతే పార్టోగ్రాఫ్ (నొప్పుల పురోగతి గీసిన పట్టిక), సీటీజీ (కడుపులో బిడ్డ గుండె చప్పుడు నమోదు) పట్టీలు కూడా. సీటీజీ పట్టీ థర్మల్ కాగితం మీద ఉంటుంది, ఏళ్లు గడిస్తే గీతలు వెలిసిపోతాయి. చేతికి అందిన రోజే స్కాన్ చేయించండి.

వీటితో పాటు ఎవరూ అడగని కాగితాలు కొన్ని ఉంటాయి. కేసును గెలిపించేవైనా ఓడించేవైనా తరచూ అవే. బ్లడ్ బ్యాంకు ఇష్యూ రిజిస్టర్, ఫార్మసీ బిల్లు మీద ముద్రపడిన సమయం, ల్యాబ్‌లో శాంపిల్ అందిన సమయం, ఆపరేషన్ థియేటర్ రిజిస్టర్, అంబులెన్స్ లాగ్‌బుక్, డ్యూటీ రోస్టర్, డాక్టరు ఫోన్ కాల్ జాబితా. సీసీటీవీ దృశ్యాలు కొన్ని వారాల్లోనే చెరిగిపోతాయి కాబట్టి ఆపి ఉంచమని మొదటి రోజే ఆసుపత్రికి రాయండి. కంప్యూటర్ నుంచి తీసిన ప్రింట్లు, వీడియోలు కమిషన్ ముందు పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ తయారుగా పెట్టుకోండి. దానికి రెండు భాగాలు ఉంటాయి, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు) రాయాలి. పాత సాక్ష్య చట్టం సెక్షన్ 65బీ నాటి నమూనానే అతికించేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఇప్పుడు కాలక్రమ పట్టిక. నాలుగు గడులు గీయండి: సమయం, ఏం రాసి ఉంది, ఎక్కడ రాసి ఉంది, దేనితో పొసగడం లేదు. తల్లి చనిపోయిన ఒక ఊహాజనిత ప్రసవం కేసు తీసుకుందాం. రాత్రి 11.40కి ప్రసవం అని లేబర్ రూమ్ నోట్సు. 12.05కి 500 మిల్లీలీటర్లకు పైగా రక్తస్రావం అని నర్సు రాసింది. 12.10కి రక్తస్రావాన్ని తగ్గించే మందు ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము ఐవీ (నరంలోకి) ఇచ్చినట్టు మందుల చార్ట్. 12.15కి పల్స్ 124, బీపీ 90/60. డాక్టర్ నోట్సులో ‘12.15కి చూశాను, రక్తం తెప్పించమన్నాను’ అని ఉంది. బ్లడ్ బ్యాంకు రిజిస్టర్‌లో మాత్రం అభ్యర్థన అందింది 1.20కి. ఫార్మసీలో ట్రానెక్సామిక్ యాసిడ్ బిల్లు 12.50కి. ఈ రెండు తేడాలే ఈ కేసు. ట్రానెక్సామిక్ యాసిడ్‌ను ప్రసవమైన మూడు గంటల్లోపు ఇవ్వాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన కాబట్టి 12.50 అయినా ఆ గడువులోపే ఉంది. మందు విషయంలో గట్టిగా నిలబడొచ్చు. ఎమర్జెన్సీ ట్రేలోని వయల్ వాడి తర్వాత బిల్లు వేశారా అన్నది నర్సు చెప్పగలదు. రక్తం ఆలస్యానికి మాత్రం జవాబు వెతకాలి. గుమాస్తా తిరిగి వచ్చాడా, గ్రూపు దొరకలేదా, అసలు 12.15కి చెప్పనే లేదా? ఈ పని ఇరవయ్యో రోజుకు ముందు చేయకపోతే అదే ప్రశ్న రెండేళ్ల తర్వాత క్రాస్‌లో (ఎదుటి లాయరు ప్రశ్నించేటప్పుడు) ఎదురవుతుంది. అప్పుడు మీ డాక్టరు మొదటిసారి ఆలోచించడం మొదలుపెడతారు.

ఇక అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సిన మాట. నోటీసు వచ్చాక కేస్ షీట్ మీద ఒక్క అక్షరం కూడా పడకూడదు. డాక్టరు మంచి మనసుతోనే ‘అప్పుడు రాయడం మరిచాను, ఇప్పుడు రాస్తాను’ అంటారు. ఒప్పుకోవద్దు. అవతలి వాళ్ల దగ్గర ముందే తీసుకున్న జిరాక్స్ ఉంటే ఆ ఒక్క వాక్యం మిగతా రికార్డు మొత్తాన్నీ అబద్ధం చేసేస్తుంది. నిర్లక్ష్యమే లేని కేసులు దిద్దుబాటు వల్ల ఓడిపోయే తీరు చూస్తే బాధ కలుగుతుంది. మరిచిపోయిన సంగతిని అఫిడవిట్‌లో ‘ఇది రికార్డులో లేదు, నా జ్ఞాపకం నుంచి చెబుతున్నాను’ అని నిజాయితీగా రాయించవచ్చు. వైద్యం నడుస్తున్న రోజుల్లో చేసే దిద్దుబాటుకైనా పద్ధతి ఒకటే: పాత అక్షరం కనిపించేలా ఒకే గీత, పక్కన సంతకం, తేదీ, సమయం. ఒరిజినల్ కేస్ షీట్‌ను సీల్ చేసి ఒక బాధ్యుడికి అప్పగించి, పేజీలకు నంబర్లు వేయించి, మీరు స్కాన్ కాపీ మీదే పని చేయండి.

రోగి కుటుంబం రికార్డు అడిగితే ఇచ్చేయమనండి. 2002 వృత్తి ప్రవర్తన నిబంధనల ప్రకారం అభ్యర్థన అందిన 72 గంటల్లో ఇవ్వాలి, ఇన్‌పేషెంట్ రికార్డును వైద్యం మొదలైన తేదీ నుంచి 3 ఏళ్లు ఉంచాలి. 2023 ఆగస్టులో వచ్చిన కొత్త నిబంధనలను ఆ నెలలోనే నిలిపివేశారు కాబట్టి ఈ 2002వే నడుస్తున్నాయి. 3 ఏళ్లు దాటిందని కేసు ఉన్న రికార్డును చింపిన ఆసుపత్రిని ఏ కమిషనూ నమ్మదు. ఆఖరి అప్పీలు తేలేదాకా ఉంచాల్సిందే.

డాక్టరుతో కూర్చోవడం

పట్టిక తయారయ్యాకే డాక్టరుతో అసలు సమావేశం పెట్టుకోండి. ముందు ఆయనను తన మాటల్లో చెప్పనివ్వండి, మధ్యలో ఆపొద్దు. తర్వాత పట్టిక చూపించి పొసగని చోట్ల ఒక్కొక్కటే అడగండి. ఆపరేషన్ అవసరమని ఎప్పుడు, దేన్ని చూసి నిర్ణయించారు? ఇంకో దారి ఏముంది, దాన్ని ఎందుకు వదిలారు? మీ తర్వాత రోగిని చూసిన డాక్టరు ఏం రాశారు? ఎదుటి లాయరు అడగబోయే కఠినమైన ప్రశ్నలు మీరే అడగాలి. డాక్టర్లలో చాలామందికి ఈ నోటీసు ఒక అవమానంలా తగులుతుంది, నిద్ర పట్టదు. కొందరు కోపంతో, కొందరు భయంతో మాట్లాడతారు. ఆ రెంటినీ వినే ఓపిక ఈ వృత్తిలో భాగమే.

రోగి కుటుంబంతో తనంతట తాను ఫోన్‌లో మాట్లాడొద్దనీ, వాట్సాప్ గ్రూపుల్లో కేసు గురించి రాయొద్దనీ చెప్పండి.

కౌంటర్ రాయడం

‘ఆరోపణలన్నీ అబద్ధం, ఫిర్యాదుదారు రుజువు చేసుకోవాలి’ అని ప్రతి పేరా కింద అతికించిన కౌంటర్‌ను కమిషన్ సభ్యులు రోజూ చూస్తుంటారు. దానికి విలువ ఉండదు. నిర్దిష్టంగా కాదనని ఆరోపణ ఒప్పుకున్నట్టే లెక్కకు వస్తుంది. రోగి ఎందుకు వచ్చారు, ఏం కనిపించింది, ఏం చేశారు, ఎందుకు చేశారు అన్నది మామూలు మాటల్లో రెండు మూడు పేజీలు రాసి, ప్రతి వాక్యం పక్కన కేస్ షీట్ పేజీ నంబరు వేయండి. సభ్యులు డాక్టర్లు కారు. ‘అనస్టమాటిక్ లీక్’ అని రాస్తే అదేమిటో, పేగు కుట్టిన చోట ఎందుకు వదులవుతుందో నాలుగు వాక్యాల్లో చెప్పాలి.

ప్రాథమిక అభ్యంతరాల్లో నిలబడేవి ఏరుకోండి. ఫిర్యాదు రెండేళ్లలోపు వేయాలన్నది సెక్షన్ 69. ఆలస్యానికి కారణం చూపుతూ పిటిషన్ వేశారా లేదా చూడండి. డబ్బు తీసుకోకుండా అందరికీ ఉచితంగా చేసే వైద్యం ఈ చట్టం కిందికి రాదని 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంత తీర్పు చెప్పింది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రికి ఆ రక్షణ లేదు. జిల్లా కమిషన్ పరిధిని నష్టపరిహారం ఎంత అడిగారన్నదాన్ని బట్టి కాదు, రోగి చెల్లించిన మొత్తాన్ని బట్టి చూడాలి: 50 లక్షల దాకా జిల్లా, 2 కోట్ల దాకా రాష్ట్ర, ఆపైన జాతీయ కమిషన్. ‘ఇది క్లిష్టమైన కేసు, సివిల్ కోర్టుకు పంపండి’ అన్న వాదన మాత్రం మానేయండి. అది ఎప్పుడో అరిగిపోయింది, పైగా మీ దగ్గర వేరే జవాబు లేదన్న భావన కలిగిస్తుంది.

ఆసుపత్రి తరఫున ఉంటే 2004 నాటి సవితా గార్గ్ తీర్పు గుర్తుంచుకోండి. వైద్యం చేసిన డాక్టర్లను పార్టీలుగా చేర్చలేదన్న కారణంతో ఫిర్యాదు కొట్టేయరు. రోగి తరఫున ప్రాథమికంగా ఆధారం కనిపిస్తే, జాగ్రత్త తీసుకున్నామని చూపే బాధ్యత ఆసుపత్రి మీదికి వస్తుంది. పనిచేసి వెళ్లిపోయిన డ్యూటీ డాక్టరు, నర్సుల చిరునామాలు ఇప్పుడే వెతికి అఫిడవిట్లు తీసుకోండి.

రోగిని నిందించే వాక్యం రాసే ముందు రెండుసార్లు ఆలోచించండి. ‘ఆలస్యంగా తీసుకొచ్చారు’, ‘చెప్పినట్టు మందులు వాడలేదు’ అన్నవి అప్పటి నోట్సులో ఉంటేనే రాయాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మీద ఆధారం లేని నింద కౌంటర్‌లో పెట్టడం తప్పు. అది కేసుకూ చేటే.

సమ్మతి పత్రం

సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు గీసిన గీత స్పష్టం: పరీక్ష కోసం తీసుకున్న సమ్మతి గర్భసంచి తీసేయడానికి చెల్లదు, ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరమైతే తప్ప. చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రధాన ప్రమాదాలు, ఇతర మార్గాలు రోగికి చెప్పి ఉండాలి. పత్రం తీసుకుని ఇవి చూడండి. ఖాళీలు నింపారా? రోగికి వచ్చిన భాషలో ఉందా? సంతకం రోగిదా, స్పృహలో ఉన్న రోగిని వదిలేసి భర్తదా? సమయం వేశారా, అది మత్తు కోసం ముందు ఇచ్చే ఇంజెక్షన్‌కు ముందా తర్వాతా? పత్రం బలహీనంగా ఉంటే ఓపీ చీటీల్లో ‘రిస్క్ వివరించాను’ అన్న ఒక్క లైను కోసం వెతకండి. ఆపరేషన్‌కు వారం ముందు రాసిన అలాంటి లైను అచ్చు ఫారం కంటే బలమైన సాక్ష్యం.

నిపుణుడి అభిప్రాయం

నిర్లక్ష్యమా కాదా అన్నదానికి మన కోర్టులు వాడే కొలత 1957లో ఇంగ్లండులో వచ్చిన బోలమ్ సూత్రం: ఆ రంగంలో సాధారణ నైపుణ్యం ఉన్న డాక్టరు అలా చేసి ఉండేవారా? 2005లో జాకబ్ మాథ్యూ తీర్పు దీన్ని స్వీకరించింది. ఫలితం చెడ్డదైనంత మాత్రాన, వేరే డాక్టరు వేరే దారి ఎంచుకునేవారైనంత మాత్రాన నిర్లక్ష్యం కాదు. అలాగని ప్రతి కేసులోనూ నిపుణుడు ఉండి తీరాలన్న నియమమూ లేదు, 2010లో వి. కిషన్ రావు కేసులో సుప్రీంకోర్టు అదే చెప్పింది. కడుపులో గుడ్డ మరిచిపోతే ఎవరి అభిప్రాయమూ అక్కర్లేదు. అలాంటి కేసును బోలమ్ చుట్టూ తిప్పితే కమిషన్ సమయం, కుటుంబం ఓర్పు రెండూ వృథా.

అదే స్పెషాలిటీ, అదే స్థాయి ఆసుపత్రి అనుభవం, మీ డాక్టరుతో చుట్టరికం గానీ వ్యాపారం గానీ లేని వ్యక్తిని ఎంచుకోండి. రికార్డు మొత్తం పంపండి, ఏరిన పేజీలు కాదు. అవతలి వాళ్ల ఫిర్యాదూ పంపండి. మీ అభిప్రాయం రాయకుండా ప్రశ్నలు మాత్రమే అడగండి. ఆ రోజు, ఆ సమయానికి తెలిసిన వివరాలతో సమర్థుడైన డాక్టరు ఏం చేయాలి? చేసినదానికీ దానికీ తేడా ఉందా? ఆ తేడా లేకపోతే ఫలితం మారేదా? మూడోదాన్ని చాలామంది అడగడం మరిచిపోతారు. మన ఊహాజనిత కేసులో రక్తం గంట ముందు వచ్చి ఉంటే ఆమె బతికేదా అన్నదే అసలు చర్చ. ఆలస్యం ఉందని ఒప్పుకుంటూనే, నష్టానికి కారణం అది కాదని చూపగలిగే కేసులు ఉంటాయి. మార్గదర్శకాలు జతచేస్తే వైద్యం జరిగిన నాటివి చేయండి, తర్వాత మారినవి కాదు. మీకు అనుకూలమైన ఒక్క పేరా జిరాక్స్ తీసి పెట్టొద్దు, కింది పేరా ఎదుటి లాయరు చదువుతారు.

అభిప్రాయం మీకు వ్యతిరేకంగా వస్తే దాన్ని పక్కనపెట్టి ఇంకొకరిని వెతకాలనిపిస్తుంది. ఇద్దరు నిపుణులు ఒకే మాట చెప్పారంటే రాజీ గురించి డాక్టరుతో మాట్లాడే సమయం వచ్చినట్టే.

సాక్ష్యం అఫిడవిట్ల మీదే నడుస్తుంది. క్రాస్ తరచుగా రాతపూర్వక ప్రశ్నావళి రూపంలో ఉంటుంది. మీరు పంపే ప్రశ్నలు పదిహేను దాటకపోవడం మంచిది, ఒక్కొక్కటి ఒక్క వాస్తవం మీదే ఉండాలి. ‘మీరు చెప్పింది తప్పు కదా’ లాంటి ప్రశ్నకు రాతలో వచ్చే జవాబు ‘కాదు’ అన్న ఒక్క మాటే.

డబ్బు, రాజీ

నిర్లక్ష్యం లేదని వాదిస్తున్నాం కదా అని పరిహారం మొత్తం మీద మాట్లాడకుండా వదిలేయడం పెద్ద పొరపాటు. ప్రత్యామ్నాయంగా ఆ వాదన కౌంటర్‌లోనే ఉండాలి. ఆదాయానికి ఐటీ రిటర్నులు ఉన్నాయా, బిల్లుల్లో ఏవి ఈ వైద్యానివి, ఏవి ముందున్న జబ్బువి, భవిష్యత్తు వైద్యానికి అంచనా ఎవరిచ్చారు? 2013లో కోల్‌కతా కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు సుమారు 6 కోట్ల పరిహారం, దానిపై వడ్డీ ఇప్పించింది కాబట్టి అడిగిన అంకె పెద్దదని నవ్వి వదిలేసే రోజులు పోయాయి. బీమా పరిమితి దాటిన ప్రతి రూపాయీ డాక్టరు జేబులోంచే పోతుంది, అది ఆయనకు ముందే తెలియాలి.

రాజీకి కమిషన్‌లో మధ్యవర్తిత్వం ఉంటుంది, కానీ 2020 మధ్యవర్తిత్వ నిబంధనలు మరణం లేదా తీవ్రమైన గాయం కలిగించిన వైద్య నిర్లక్ష్యం కేసులను దాని నుంచి మినహాయించాయి. అలాంటి కేసులో లాయర్లే కూర్చుని మాట్లాడుకుని, బీమా కంపెనీ సమ్మతి తీసుకుని, జాయింట్ మెమో (ఇరుపక్షాలు కలిసి ఇచ్చే రాజీ పత్రం) వేయాలి. కౌంటర్ వేసిన వెంటనే, సాక్ష్యం మొదలుకాకముందు ఈ మాట కదపడం ఇరువైపులా మేలు. కుటుంబానికి ఏళ్లు, డాక్టరుకు వడ్డీ మిగులుతాయి. చాలా కుటుంబాలు డబ్బు కంటే ముందు ఏం జరిగిందో తెలుసుకోవాలనుకుంటాయి. ఆ వివరణ రాతలో, మర్యాదగా ఇవ్వగలిగితే ఇవ్వండి.

పోలీసు కేసు కూడా ఉంటే

భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద వైద్య ప్రక్రియ చేస్తూ నిర్లక్ష్యంతో మరణం కలిగించిన రిజిస్టర్డ్ డాక్టరుకు 2 ఏళ్ల దాకా జైలు, జరిమానా. జాకబ్ మాథ్యూ తీర్పు ప్రకారం నేర కేసుకు మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి. దర్యాప్తు అధికారి ముందుకు వెళ్లే ముందు స్వతంత్ర వైద్య అభిప్రాయం, వీలైతే ప్రభుత్వ డాక్టరు నుంచి తీసుకోవాలి, మామూలుగా అరెస్టు చేయకూడదు. స్టేషన్‌కు ఇచ్చే వాంగ్మూలం, మెడికల్ కౌన్సిల్‌కు ఇచ్చే వివరణ, కమిషన్‌లో కౌంటర్ ఈ మూడూ ఒకే లాయరు చేతి మీదుగా వెళ్లాలి. సమయాల్లో పది నిమిషాల తేడా వచ్చినా మూడు చోట్లా పట్టుకుంటారు.

తీర్పు వ్యతిరేకంగా వస్తే

జిల్లా కమిషన్ ఉత్తర్వు మీద రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు 45 రోజుల్లో, సగం మొత్తం డిపాజిట్‌తో. అక్కడి నుంచి జాతీయ కమిషన్‌కు 30 రోజులు, మళ్లీ సగం డిపాజిట్. లెక్క ఉత్తర్వు తేదీ నుంచి కాబట్టి, ఉత్తర్వు వెలువడిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టి, ఆ కాపీ తయారైన తేదీ, చేతికిచ్చిన తేదీ దాని వెనక ముద్రలో స్పష్టంగా పడ్డాయో లేదో కాపీ ఇచ్చే కిటికీ దగ్గరే చూసుకోండి. డిపాజిట్ సొమ్ము బీమా కంపెనీ కడుతుందా, డాక్టరు కట్టాలా అన్నది అదే వారం రాతలో తేల్చుకోవాలి. కంపెనీ లోపల ఆ ఫైలు ఆమోదం పొందడానికే మూడు వారాలు పడుతుంది.